ఊరికే కొండెక్కకూడదా?

మన ఇళ్ళల్లో కొండెక్కాలంటే ఒక కారణం ఉండాలి. కొత్తగా పెళ్ళయితే అన్నవరం. పిల్లాడికి పుట్టువెంట్రుకలు తీయించాలంటే తిరుపతి. కొత్త బండి కొంటే తుని దగ్గర తలుపులమ్మ లోవ. పిల్లలు స్థిరపడి, అరవై దాటాక, కేదారనాథ్. ఏ కారణమూ లేకుండా "ఊరికే కాస్త కొండెక్కి వద్దామండీ" అన్నామనుకోండి, ఇంటిల్లిపాదీ మన మొహం వంక చూస్తారు, ఒంట్లో ఏమైనా బాగోలేదేమో అన్నట్టు.

ఆ "ఊరికే" అన్న మాట తరఫున ఇవాళ నాలుగు ముక్కలు రాయాలనిపించింది. కొండలు, చెరువుగట్లు, మంచుప్రాంతాలు నడిచి చూడటం మొక్కు మాత్రమే కాదు, డబ్బున్నవాళ్ళ విలాసమూ కాదు. ఈతలాగా, సైకిలు తొక్కడంలాగా ఇంట్లో పిల్లలకి నేర్పవలసిన పని అని నా అభిప్రాయం. పిల్లలకి నేర్పాలంటే ముందు అమ్మ నడవాలి. ఎందుకింత గట్టిగా అంటున్నానో చెబుతాను.

మాది పిఠాపురం. పాదగయ, కుక్కుటేశ్వరస్వామి, పురుహూతికా అమ్మవారు ఉన్న ఊరు. ఎటు చూసినా చదును. ఇటు వరిచేలు, అటు కాసేపు వెళ్తే ఉప్పాడ సముద్రం. మా ఊళ్ళో ఎత్తైనదంటే గుడి గోపురమో, నీళ్ళ ట్యాంకో. మెట్లెక్కడమంటే డాబా మీద వడియాలు పెట్టడానికి ఎక్కడమే. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు కాకినాడలోనో హైదరాబాదులోనో ఇంజనీరింగు చదివి, అక్కడినుంచి విమానమెక్కి, ఇరవై రెండేళ్ళకో ఇరవై నాలుగేళ్ళకో తిన్నగా కొండల మధ్య, గడ్డకట్టే చెరువుల మధ్య దిగుతున్నారు. మధ్యలో ఏ మెట్టూ లేదు. నాకు బాధ అక్కడే.

మన ఆడవాళ్ళకి కొండెక్కే శక్తి లేదంటే మాత్రం నేను ఒప్పుకోను. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. ఆ దారిలో ఎప్పుడైనా గమనించారా? మగవాళ్ళు చేతులూపుకుంటూ ఎక్కిపోతుంటారు. ఆడవాళ్ళు చెప్పుల్లేకుండా, మెట్టు మెట్టుకీ వంగి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, లేచి మళ్ళీ ఎక్కుతుంటారు. మూడున్నర వేలసార్లు వంగి లేవడమంటే మాటలా? మా అత్తయ్యగారు అలా రెండుసార్లు ఎక్కారు. ఆవిడే నన్ను, మారేడుమిల్లిలో నడుద్దామనుకుంటున్నామంటే, "నీ మోకాళ్ళు ఆగుతాయా అమ్మాయ్?" అని అడిగారు. మొక్కు ఉంటే మోకాళ్ళుంటాయి, మొక్కు లేకపోతే మోకాళ్ళ నొప్పులుంటాయి. ఇదీ మన లెక్క!

భక్తిని నేను తక్కువ చేయడం లేదు. ఇల్లు వదిలి నాలుగు రోజులు నడిచే అనుమతి మన అమ్మమ్మలకి దేవుడి పేరు మీదే దొరికింది. పొయ్యి దగ్గరనుంచి, పశువుల కొట్టం దగ్గరనుంచి వాళ్ళకి దేవుడిచ్చిన సెలవు అది. కొండ మీద చల్లగాలి తగిలినప్పుడు వాళ్ళకి పుణ్యంతోపాటు సంతోషం కూడా కలిగే ఉంటుంది. పుణ్యం గురించి ఇంటికొచ్చి చెప్పుకున్నారు, సంతోషం గురించి చెప్పుకోలేదు. మనం ఆ రెండోది కూడా నోరు విప్పి చెప్పుకుందాం అంటున్నాను.

"మరి మనం విహారయాత్రలకి వెళ్ళడం లేదా?" అంటారేమో. ఎందుకు వెళ్ళడం లేదు! లంబసింగి పేరు వినని ఇల్లు ఇప్పుడు లేదు. చింతపల్లి మండలంలో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరు. దానికి కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రి ఆరుబయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరట. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఆరేడు డిగ్రీలు చల్లబడుతుంది. దానికి డిసెంబరు, జనవరి రాత్రుల చలి తోడైతే కొన్ని తెల్లవారుజాముల్లో సున్నా దగ్గరకి దిగుతుంది. ఆంధ్రా కాశ్మీర్ అని ముద్దుగా అంటాం గానీ, కాశ్మీరులోలాగా అక్కడ మంచు కురవదు. పొగమంచూ, గడ్డి మీద తెల్లగా పేరుకునే మంచూ, అంతే. అదే మనకి గొప్ప.

మన యాత్ర ఎలా సాగుతుందో చూడండి. ముందురోజు రాత్రి పదకొండింటికి ఇల్లాలు పులిహోర కలుపుతుంది. పన్నెండింటికి చపాతీలు ఒత్తుతుంది. ఒంటిగంటకి కారెక్కుతుంది. తెల్లారేసరికి కారు కొండ మీద ఆగుతుంది. అందరూ దిగి ఫోటోలు తీసుకుంటారు. ఇల్లాలు డిక్కీ దగ్గర నిలబడి కాగితం ప్లేట్లు పంచుతుంది, పచ్చడి ఎవరికి చాలలేదో చూస్తుంది, ఎవరి స్వెట్టరు ఎక్కడుందో చెబుతుంది. కారు ఆగిన చోటునుంచి రెండొందల అడుగులు కూడా నడవకుండా అందరం తిరిగొచ్చేస్తాం. వచ్చి "లంబసింగి చూశాం" అంటాం. నన్నడిగితే అది కొండ చూడటం కాదు, వంటిల్లు కొండ మీదకి మోసుకెళ్ళడం.

నడిస్తే ఎలా ఉంటుందో కూడా చెప్పాలి కదా. మొన్న మాఘమాసంలో మావారు, మా అమ్మాయి, నేను మారేడుమిల్లి వెళ్ళాం. ఈసారి రెండు షరతులు పెట్టాను. ఒకటి, ఇంటినుంచి వంట తీసుకెళ్ళేది లేదు, అక్కడ ఏది దొరికితే అదే. రెండు, కారు ఒకచోట పెట్టేసి నడక. జలతరంగిణి, అమృతధార జలపాతాల పేర్లు మీరు వినే ఉంటారు. వాటిని గబగబా చూసి లెక్క పూర్తి చేయడం కాకుండా, ఒకదాని దగ్గర సగం రోజు గడపాలని అనుకున్నాం.

మొదటి అరగంటంతా సణుగుడే. మావారికి బూటు కరిచింది. మా అమ్మాయికి సిగ్నల్ లేదు. నాకు ఆయాసం. ఆ తర్వాత ఏమవుతుందో తెలియదు గానీ, ఊపిరీ అడుగూ ఒక దారికి వస్తాయి. ఎండుటాకుల చప్పుడు, ఎక్కడో నీళ్ళ చప్పుడు, పేరు తెలియని పిట్ట కూత. ఇంట్లో ఉదయం లేచిన దగ్గరనుంచి నా చెవులు ఏదో ఒకదాని కోసం కాచుకుని ఉంటాయి. కుక్కరు కూత, మోటారు చప్పుడు, పాలవాడి గంట. అక్కడ ఏ చప్పుడూ నన్ను పనికి పిలవలేదు. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో అలాంటి పూట నాకు ఎన్నిసార్లు దొరికిందో వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

ఇంకో సంగతి. మా అమ్మాయి ఇంట్లో ఎదురుగా కూర్చోబెట్టి "ఏమిటమ్మా అలా ఉన్నావు?" అని అడిగితే "ఏం లేదు" అంటుంది. ఈ వయసు పిల్లలున్న ఏ తల్లికైనా ఈ "ఏం లేదు" బాగా తెలుసు. ఆ దారిలో పక్కపక్కన నడుస్తూ, నా మొహం చూడనవసరం లేదు కాబట్టో ఏమో, తనే మొదలుపెట్టింది. బీటెక్ అయ్యాక పైచదువుకి స్కాట్లాండు వెళ్ళాలని ఉందట. అక్కడి విశ్వవిద్యాలయం గురించి చెప్పింది, ఖర్చు గురించి చెప్పింది, చివర్లో "అక్కడ కొండలు, సరస్సులు చాలా బాగుంటాయమ్మా" అంది. మూడు నెలలుగా కడుపులో పెట్టుకున్న మాట, మూడు కిలోమీటర్ల నడకలో బయటికొచ్చింది. నడకవల్ల ఒంటికి మంచిదని డాక్టర్లు చెబుతారు. ఇంటికి కూడా మంచిదని నేను చెబుతున్నాను.

కానీ స్కాట్లాండు అనగానే నాకు ముందు గుర్తొచ్చింది చదువు కాదు, ఒక వార్త. 2024 ఏప్రిల్‌లో అక్కడ లిన్ ఆఫ్ టమ్మెల్ అనే జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు కుర్రాళ్ళు నీళ్ళలో పడి చనిపోయారు. డండీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నవాళ్ళు, స్నేహితులతో సరదాగా వెళ్ళినవాళ్ళు. అంతకుముందు 2022 డిసెంబరు 26న అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, వుడ్స్ కాన్యన్ లేక్ అనే చెరువు గడ్డకట్టి ఉంటే దాని మీద నడుస్తుండగా మంచు విరిగి ముగ్గురు తెలుగువాళ్ళు పోయారు. పండగ సెలవులకి కుటుంబాలతో మంచు చూద్దామని వెళ్ళినవాళ్ళు. ఎవరినీ తప్పుపట్టే మాట కాదిది. ఆ చోట మనం ఉన్నా, మన పిల్లలున్నా, అంత అందంగా తెల్లగా ఉన్న చెరువు మీద ఒక అడుగు వేసి చూడాలనే అనిపిస్తుంది.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మన గోదావరి జిల్లాల్లో ఎన్నో ఇళ్ళనుంచి ఫోన్లు వెళ్తాయి. అమ్మలందరిదీ ఒకటే మాట, "నువ్వు మాత్రం ఎక్కడికీ వెళ్ళకు నాన్నా." పిల్లలందరిదీ ఒకటే మాట, "సరేనమ్మా." తర్వాతి శనివారం వెళ్తారు. మనకి చెప్పరు, అంతే తేడా. వెళ్ళకు అనడం తల్లి మనసే, కాదనను. కానీ ఆ మాట పిల్లల్ని ఆపదు, పైగా వాళ్ళు ఎటు వెళ్ళారో మనకి తెలియకుండా చేస్తుంది.

మనం నేర్పలేనివాళ్ళమా? కాదు. నీళ్ళ సంగతి చూడండి. నేను తెలుగు బీఏ చదివినదాన్ని కాబట్టి మాటల వైపునుంచి చెబుతాను. నీటికి మనకెన్ని మాటలో! ఏరు, వాగు, వంక, పాయ, కాలువ, బోదె, మడుగు, గుంట, చెరువు, కోనేరు. దిగే చోటు రేవు, మధ్యలో తేలింది లంక, తిరిగేది సుడి. ఒక్కో మాట వెనకా ఒక హెచ్చరిక ఉంది. రేవుమెట్టు మీద నాచుంటే కాలు అడ్డంగా పెట్టు. లాకుల దగ్గర ఈతకి దిగకు. వరద నీరు ఎర్రగా వస్తుంటే గట్టు మీద నిలబడకు. ఉప్పాడలో అల వెనక్కి లాగేటప్పుడు ఇసక కాళ్ళకిందనుంచి జారుతుంది, అక్కడ ఆడుకోకు. ఇవేవీ మనం పుస్తకంలో చదివి నేర్పలేదు. తిడుతూ, చెయ్యి పట్టుకు లాగుతూ నేర్పాం.

మరి మంచుకి? తెల్లవారి గడ్డి మీద పడేదీ మంచే. దారి కనపడకుండా కప్పేసేదీ పొగమంచే. ఆకాశంనుంచి దూదిలా రాలేదీ మంచే. చెరువు గడ్డకడితే అదీ మంచే. హిమం, తుహినం, నీహారం అని కావ్యాల్లో చదువుకున్నాం గానీ, వాటిలో దేని మీద నిలబడొచ్చో ఏ కావ్యమూ చెప్పదు. మనం దానితో బతకలేదు కాబట్టి మన భాషకి ఆ అవసరం రాలేదు. ఇప్పుడు మన పిల్లలు దానితో బతుకుతున్నారు. అవసరం వచ్చింది.

అందుకే నాకు తెలుసుకున్నంతవరకు నాలుగు విషయాలు రాస్తున్నాను. గడ్డకట్టిన చెరువు మీద మనిషి నడవాలంటే గట్టి, తేటైన మంచు కనీసం నాలుగు అంగుళాల మందం ఉండాలంటారు. ఒకచోట అంత ఉందని పక్కచోట ఉండదు. లోపల నీళ్ళు పారుతున్నచోట, వాగు వచ్చి కలిసేచోట పలచగా ఉంటుంది. పైన మంచు కురిసి దుప్పటిలా కప్పితే కింద గడ్డ సరిగ్గా గట్టిపడదు, మనకి కనపడనూ కనపడదు. అక్కడివాళ్ళు పెట్టిన బోర్డు వద్దంటే వద్దనే. చలినీళ్ళలో పడ్డ మొదటి నిమిషం ఊపిరి ఎగబీలుస్తుంది, అప్పుడు కంగారుపడకుండా తల పైకి ఉంచుకుని ఊపిరి నిలదొక్కుకోవడమే ముఖ్యం. బయటికి రావాలంటే వచ్చిన దిక్కుకే తిరగాలి, ఎందుకంటే అటువైపు గడ్డే అంతసేపూ మనల్ని మోసింది. పైకి వచ్చాక లేచి నిలబడకూడదు, పొర్లుకుంటూ ఒడ్డుకి చేరాలి.

రెండోది బట్టలు. మనకి నూలుబట్ట అమ్మలాంటిది. మన ఉక్కకి, మన చెమటకి దాన్ని మించింది లేదు. మంచులో మాత్రం అదే శత్రువు. తడిస్తే ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. అక్కడ ఉన్ని కావాలి, ఒక మందపాటి కోటుకంటే రెండు మూడు పొరలు మేలు. మూడోది ఎత్తు. కేదారనాథ్ 3,583 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ పీల్చే గాలిలో మనకి అందే ప్రాణవాయువు మన సముద్రతీరంలో అందేదానిలో మూడింట రెండొంతులే. ఇక్కడినుంచి విమానం, కారు, ఆపైన హెలికాప్టరు ఎక్కి ఒకటి రెండు రోజుల్లో అక్కడ దిగే పెద్దవాళ్ళకి తలనొప్పి, వాంతులు, తూలు వస్తే అది "ప్రయాణం బడలిక" అని సరిపెట్టుకోకూడదు. ఇంకా పైకి వెళ్ళడం ఆపాలి, తగ్గకపోతే కిందికి దిగాలి. నాలుగోది పిడుగు. మా అక్క కొడుకు ఉండే కొలరాడోలో పధ్నాలుగు వేల అడుగులు దాటిన శిఖరాలు యాభైకి పైగా ఉన్నాయి. వేసవిలో అక్కడ మధ్యాహ్నాలు ఉరుములు, మెరుపులు. అందుకని చీకటితోనే బయల్దేరి మధ్యాహ్నంలోపు దిగిపోవాలని వాళ్ళ నియమం. ఉరిమితే తాటిచెట్టు కింద నిలబడొద్దని చెప్పే మనకి ఇది అర్థం కాని సంగతేమీ కాదు.

"ఇవన్నీ ఫోనులో చూసి పిల్లలే తెలుసుకుంటారులే" అంటారు మావారు. సమాచారం ఫోనులో దొరుకుతుంది, నిజమే. అలవాటు దొరకదు. మలావత్ పూర్ణ సంగతి తీసుకోండి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో కూలిపనులు చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది, అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. తనతోపాటు ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్‌కుమార్ కూడా ఎక్కాడు. మనం ఆ చివరి ఫోటో చూసి చప్పట్లు కొట్టాం. దానికి ముందు ఏముందో చూడాలి. మొదట భువనగిరి బండ. ఆ తర్వాత డార్జిలింగులో శిక్షణ. ఆ తర్వాత లడాఖ్ చలి. చిన్న కొండనుంచి పెద్ద కొండకి, ఒక్కో మెట్టు. ఎవరెస్టు ఎక్కిన పిల్లకే అన్ని మెట్లు కావాల్సివస్తే, మన పిల్లల్ని ఒక్క మెట్టు కూడా ఎక్కించకుండా మంచుదేశానికి పంపడం ఏం న్యాయం?

ఎంత నేర్చినా కొండ కొండే, అది కూడా మరవకూడదు. నెల్లూరు జిల్లాలో పుట్టి, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు 172 రోజుల్లో ఎక్కాడు. అంతటివాడు 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు వదిలాడు. నేర్చుకోవడం ప్రమాదాన్ని తగ్గిస్తుంది, లేకుండా చేయదు. ఇది తెలిసి నడవడం వేరు, తెలియక నడవడం వేరు.

ఇంట్లో నేర్పవలసిన వాటన్నిటిలో పెద్దది ఒకటుంది. వెనక్కి తిరగడం. మన విహారయాత్రల్లో ఒక మాట తప్పకుండా వినపడుతుంది, "ఇంత దూరం వచ్చి చూడకుండా పోతామా?" వాగు పొంగుతున్నా, చీకటి పడుతున్నా, చంటిపిల్లకి జ్వరమొచ్చినా అదే మాట. పెట్టిన డబ్బు, తీసుకున్న సెలవు, చుట్టాలకి చెప్పుకున్న గొప్ప, అన్నీ కలిసి మనల్ని ముందుకి తోస్తాయి. కొండ దగ్గర ఇంతకంటే ప్రమాదకరమైన మాట ఇంకోటి లేదని నా నమ్మకం. మారేడుమిల్లిలో సాయంత్రం ఇంకో కిలోమీటరు మిగిలుండగా పొద్దు వాలింది. మావారు ఆ మాట అననే అన్నారు. "కొండ ఎక్కడికీ పోదండీ, మళ్ళీ వద్దాం" అన్నాను. కాసేపు గొణిగారు, తిరిగారు. మా అమ్మాయి అది చూసింది. నేను వంద జాగ్రత్తలు చెప్పినదానికంటే ఆ ఒక్కటి చూడటం తనకి ఎక్కువ పనికొస్తుంది.

ఇక అడ్డంకులంటారా, ఉన్నాయి. నలభై దాటిన ఆడది చుడీదార్ మీద బూట్లు వేసుకుని వీధిలోకి వస్తే మొదటి వారం నవ్వుతారు. రెండో వారం "ఎక్కడ కొన్నారు?" అని అడుగుతారు. మోకాళ్ళ మాటకొస్తే, ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే వాటికి భారం, ఒక చేతికర్ర ఉంటే సగం బాధ తీరుతుంది. నొప్పులున్నవాళ్ళు డాక్టరుని అడిగి చదునైన దారిలోనే మొదలుపెట్టొచ్చు. అన్నిటికంటే పెద్ద బాధ, ఎవరూ పైకి చెప్పనిది, మరుగుదొడ్డి. దారిలో దొరకదని ఉదయంనుంచి నీళ్ళు తాగకుండా ఉండే ఆడవాళ్ళు ఎంతమందో. చూడదగ్గ ప్రదేశమని బోర్డు పెట్టి టిక్కెట్టు తీసుకునే ప్రతిచోటా శుభ్రమైన మరుగుదొడ్డి అడగడం మన హక్కు. అద్దాల వంతెనలు, సెల్ఫీ పాయింట్లు తర్వాత కట్టొచ్చు.

ఖర్చు విషయం కూడా. మాకు తిన్నగా నడిచి చూసే చోట్లు దగ్గరలోనే ఎన్నో. ఉప్పాడ తీరాన తెల్లవారి నడక. చొల్లంగి దగ్గర కోరింగ మడ అడవుల్లో చెక్క వంతెన మీద నడక. పెద్దాపురంలో పాండవుల మెట్ట, పాండవులు ఉన్నారని చెప్పుకునే గుహలు, పైన సూర్యనారాయణస్వామి గుడి. అన్నవరం కొండకి ఘాట్ రోడ్డు ఉన్నా ఒకసారి మెట్లదారిన. ఏలేశ్వరం దగ్గర ఏలేరు జలాశయం, మా చేలకీ విశాఖ ఉక్కు కర్మాగారానికీ నీళ్ళిచ్చేది, ఎండ తగ్గాక దాని పక్కన ఒక సాయంత్రం. ఇవి అలవాటయ్యాక మారేడుమిల్లి, ఆపైన అరకు, లంబసింగి. వీలు కుదిరితే ఎప్పటికైనా ఒకసారి నిజమైన మంచు. నెలకి ఒక ఆదివారం, ఒక పూట చాలు.

వెళ్ళినచోట మన పద్ధతి కూడా ముఖ్యం. పాడేరు దగ్గర వంజంగి మీద మేఘాల సముద్రం చూడటానికి జనం వెళ్ళడం మొదలయ్యాక, మేఘాలతోపాటు ప్లాస్టిక్ సీసాలూ కనపడుతున్నాయి. ఆ కొండలు మనకి చూసే చోట్లు. అక్కడి గిరిజనులకి అవి ఊళ్ళు, పొలాలు, ఇళ్ళు. మన వీధిలోకి ఎవరో కారేసుకొచ్చి, పాటలు పెట్టి, మన గుమ్మంలో ఫోటోలు దిగి, చెత్త పారేసి వెళ్తే ఊరుకుంటామా? తీసుకెళ్ళిన సంచీలోనే చెత్త తిరిగి తెచ్చుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. ఇంట్లో రోజూ చేసే పనే.

చివరగా తోటి ఇల్లాళ్ళకి ఒక మాట. మనం నడవడం అంటే పిల్లలకి కాపలాగా వెళ్ళడం కాదు. ముందు మన సంతోషం కోసం నడవాలి. సంతోషం తెలిసిన మనిషే దాన్లో ప్రమాదం ఎక్కడుందో కూడా చెప్పగలదు. "వెళ్ళకు" అనే అమ్మకి పిల్లలు చెప్పకుండా వెళ్తారు. "ఏ దారిన వెళ్తున్నావు, తోడెవరు, వానొస్తుందేమో చూశావా, ఎన్నింటికి దిగుతావు?" అని అడిగే అమ్మకి చెప్పి వెళ్తారు. ఇంట్లో కూర్చుని ఆ ప్రశ్నలు రావు. కాళ్ళు నొప్పి పుడితేనే వస్తాయి.

మా అమ్మాయి స్కాట్లాండు సంగతి ఇంకా తేలలేదు. డబ్బు లెక్కలు నడుస్తున్నాయి. ఈలోగా మేం మాత్రం వచ్చే ఆదివారం పాండవుల మెట్ట ఎక్కుతున్నాం. ఏ మొక్కూ లేదు. పులిహోర కూడా లేదు.